లిఫ్టు గొడవ: కింద వాళ్ళు, పై వాళ్ళు

మే నెల, మంగళవారం. విజయవాడ, పటమట.

ఈరోజు మా అపార్ట్‌మెంట్‌లో ఎవరూ గొంతు పెంచలేదు. మెట్ల మీద గానీ పార్కింగ్‌లో గానీ గట్టిగా ఒక్క మాట వినపడలేదు. అయినా పొద్దున ఏడు నుంచి పెద్ద గొడవే నడిచింది, అంతా వాట్సాప్ గ్రూపులోనే.

లిఫ్టు కంపెనీ వాళ్ళు ఏడాది మెయింటెనెన్స్ రేటు పెంచారు, వచ్చే నెల నుంచి ఫ్లాటుకి నెలకి 200 రూపాయలు ఎక్కువ కట్టాలి అని సెక్రటరీ గారు మెసేజ్ పెట్టారు. కాసేపటికి జి-2లో ఉండే లెక్కల మాస్టారు, రిటైరై చాలా కాలమైంది, చాలా మర్యాదగా అడిగారు: ‘అయ్యా, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నవాళ్ళం మేము లిఫ్టు ఎక్కము కదా. మా రెండు ఫ్లాట్లకీ ఈ పెంపు లేకుండా చూడగలరా?’ వెంటనే 402 గారు తగులుకున్నారు. ‘మరి మేడ మీద వడియాలు ఎలా పెడుతున్నారు మాస్టారూ, రెక్కలు కట్టుకునా?’

402 గారు మనిషి మంచివాడే. ఎవరినైనా ఆటపట్టించకుండా ఉండలేరు, అంతే. అదే మాట లిఫ్టు దగ్గర నిలబడి అని ఉంటే మాస్టారు నవ్వేసి తిరిగి ఏదో ఒకటి అంటించేవారు. ఫోనులో అక్షరాలు కనపడతాయి గానీ అన్నవాడి మొహం కనపడదు.

లిఫ్టు మీద వేసిన జోకు బెడిసికొట్టడం ఇది మొదటిసారి కాదు. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో కంప్యూటర్ల వాళ్ళు తమ ఆన్‌లైన్ నోటీసు బోర్డులో ఒక ఫిజిక్స్ చిక్కుప్రశ్న వేసుకున్నారు. లిఫ్టు తాడు తెగి కిందికి పడిపోతుంటే అందులో ఉన్న పాదరసం చుక్క ఏమవుతుంది అని. ఒకాయన సరదాకి, ఈమధ్య చేసిన ప్రయోగం వల్ల ఫలానా లిఫ్టులో పాదరసం ఒలికింది, జాగ్రత్త అని రాశాడు. ముందు జరిగిన చర్చ చూడనివాళ్ళు అది నిజం అనుకున్నారు. ఇక జోకుని జోకని ఎలా తెలియజెయ్యాలి అని ఇంకో చర్చ. సెప్టెంబర్ 19న స్కాట్ ఫాల్మన్ అనే ఆయన, కోలన్, చిన్న గీత, బ్రాకెట్ వరసగా పెడితే పక్కకి వాలిన నవ్వు మొహంలా ఉంటుంది, జోకుకి అది గుర్తుగా పెట్టుకుందాం అన్నాడు. ఇప్పుడు మనం రోజూ నొక్కే నవ్వు మొహాల కథ అక్కడి నుంచే నడిచింది.

మరి 402 గారు ఆ నవ్వు మొహం పెట్టి ఉంటే గొడవ ఆగేదా? నాకు నమ్మకం లేదు. ఎందుకంటే ఆయన జోకు కింద మిగతావాళ్ళు పెట్టినవి నవ్వు మొహాలే. కళ్ళ నీళ్ళు కారేలా నవ్వే బొమ్మలు అరడజను దాకా పడ్డాయి. మాస్టారికి తగిలింది రెక్కల మాట కాదు, ఆ అరడజను నవ్వులు. అందుకే ఆయన దాకా వచ్చిన మాటకి ఒక్క ముక్కలో జవాబు చెప్పకుండా, ఎన్నేళ్ళు పిల్లలకి చదువు చెప్పిందీ, ఏనాడూ ఎవరి చేతా మాట పడనిదీ పెద్ద వ్యాసమే రాశారు.

నేను ఆటోనగర్‌లో షాపుకి చేరేసరికి లిఫ్టు సంగతి అందరూ మర్చిపోయారు. పై అంతస్తులకి నీళ్ళెక్కించే మోటారు కరెంటు బిల్లు మేమెందుకు కట్టాలి అని జి-1 వాళ్ళు. కారిడార్‌లో చెప్పుల స్టాండు ఎవరిది అని 304. మూడేళ్ళ కిందటి వినాయక చవితి చందా లెక్క ఇంకా తేలలేదని మరొకరు. మధ్యలో 301లో అద్దెకుండే అమ్మాయి ఏదో సర్దిచెప్పబోతే, ‘ఓనర్ల విషయాల్లో టెనెంట్లు మాట్లాడకండి’ అని ఒకాయన. మైక్ గాడ్విన్ అనే అమెరికా లాయరు 1990లో ఒక సూత్రం చెప్పాడు, ఆన్‌లైన్ వాదన సాగేకొద్దీ ఎవరో ఒకరు ఎదుటివాణ్ణి హిట్లర్‌తో పోల్చే అవకాశం పెరుగుతూ పోతుందని. మాకు అంత దూరం అక్కర్లేదు. టిఫిన్ల వేళ దాటకముందే ‘మీరు ఏ పార్టీవాళ్ళో అందరికీ తెలుసులెండి’ అనే మాట వచ్చేసింది.

ఈ రభసలోనే 103 లాయరు గారు ఒక పనికొచ్చే సంగతి పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో అపార్ట్‌మెంట్ల చట్టం 1987లో వచ్చింది, లిఫ్టు అందరి ఉమ్మడి సదుపాయాల్లో ఒకటి, ఎక్కినా ఎక్కకపోయినా దాని ఖర్చులో ఓనర్లందరికీ వాటా ఉంటుంది అని. అసలు ప్రశ్నకి జవాబు అదే కదా. దానికి ఒక్క బొటనవేలు కూడా పడలేదు. దాని కిందే ఎవరో ‘కొంతమందికి చదువుంది గానీ సంస్కారం లేదు’ అని రాస్తే తొమ్మిది పడ్డాయి.

అత్తయ్యకి చిన్న అక్షరాలు ఆనవు. సెలవులు కాబట్టి మా అబ్బాయి పక్కన కూర్చుని ఈ మెసేజ్‌లన్నీ ఆవిడకి చదివి వినిపిస్తున్నాడు. మధ్యాహ్నం నేను ఫోన్ చేస్తే అన్నం తిన్నావా అని కూడా అడగలేదు. ‘402 అబ్బాయి మాస్టారితో మాట్లాడట్లేదే, మనందరికీ వినిపిస్తున్నాడు. మా ఊళ్ళో బావి దగ్గర పోట్లాడుకునేవాళ్ళూ ఇంతే, తిట్టేది ఒకరిని, చూసేది అరుగుల మీద కూర్చున్నవాళ్ళ వైపు’ అంది. నేను ఇంత చదివీ పట్టుకోలేని సంగతి ఆవిడ వడియాల పిండి కలుపుతూ చెప్పేసింది. గ్రూపులో రాసేది నలుగురైదుగురే. మిగతావాళ్ళం ఊరికే చూస్తుంటాం. కానీ ఆ రాసేవాళ్ళు వెనక్కి తగ్గలేకపోయేది మేము చూస్తున్నామనే.

మా షాపులో బిల్లింగ్ చూసే కుర్రాడిది సింగ్ నగర్. భోజనాల దగ్గర నా ఫోను అదేపనిగా మోగుతుంటే ఏంటక్కా అన్నాడు. చెప్పాను. వాడు నవ్వాడు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు వాళ్ళ వీధిని ముంచినప్పుడు వాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక్క పనికిరాని మెసేజ్ లేదట. పడవ ఏ సందు దాకా వచ్చింది, పాల ప్యాకెట్లు ఎక్కడ ఇస్తున్నారు, ఎవరింట్లో పవర్ బ్యాంకు ఉంది, ఎవరికి ఇన్సులిన్ కావాలి, ఇవే. గుడ్ మార్నింగ్ పువ్వులు పెట్టే పెద్దాయన కూడా చార్జింగ్ అయిపోతుందని మానేశాడట. నీళ్ళు తగ్గుతుండగా బుడమేరుకి మళ్ళీ గండి పడిందని పుకారు వస్తే మాత్రం అదే గ్రూపు క్షణంలో ఊరంతా పంచింది. అధికారులు అబద్ధమని చెప్పేలోపు సగంమంది మూటలు సర్దేశారట.

‘కొట్లాట ఎప్పుడు మొదలైందో తెలుసా అక్కా, డబ్బులు వచ్చాక’ అన్నాడు. అప్పుడు ప్రభుత్వం మునిగిన ఇళ్ళలో గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళకి 25,000, పై అంతస్తుల వాళ్ళకి 10,000 ఇచ్చింది. కింద వాళ్ళ ఇంట్లో ఫ్రిజ్, మంచాలు, బియ్యం అన్నీ బురద పాలు. పైవాళ్ళు కరెంటు లేకుండా, తాగడానికి నీళ్ళు లేకుండా, కిందికి దిగే దారి లేకుండా ఉన్నారు. ఎవరి బాధ వాళ్ళది. మెడలోతు నీళ్ళలో ఒకరికొకరు అన్నం అందించుకున్నవాళ్ళే, ఎవరి నష్టం ఎక్కువ అని గ్రూపులో ఫొటోలు పెట్టి మరీ వాదించుకున్నారట. ‘మీదీ అదే కదా, కింద వాళ్ళు పై వాళ్ళు’ అని వాడు చేతులు కడుక్కోవడానికి లేచాడు. ఈ పోలిక నాకు తట్టనే లేదు.

భోజనం అయ్యేసరికి మా సెక్రటరీ గారికి టెన్షన్ ఎక్కువై, అడ్మిన్లు మాత్రమే రాసేలా గ్రూపుకి తాళం వేసేశారు. హమ్మయ్య అనుకునేలోపు నా ఫోనులో కొత్త గ్రూపు ఒకటి తేలింది, ‘అప్పర్ ఫ్లోర్స్’. ఎవరు చేర్చారో, నన్ను అడిగింది ఎవరో తెలియదు. కింద వాళ్ళు కూడా ఇంకోటి పెట్టుకున్నారు. అద్దెకిచ్చి బయట ఉండే ఓనర్లలో ఇద్దరు ముగ్గురు అందులో చేరారట. జి-1 ఆవిడ నాకు స్నేహితురాలు కాబట్టి ఆ సంగతులూ సాయంత్రానికి తెలిశాయి.

ఈరోజు మొత్తంలో నాకు భయం వేసింది ఈ కొత్త గ్రూపులు చూసే. మా దాంట్లో ఒక్క తిట్టు లేదు. అంతా అండీ, గారూ. ఒకరు చెప్పిన దానికి ఇంకొకరు అవునవును. అలా అవునవును అనుకుంటూనే మూడు గంటలకి ‘200 అందరూ కట్టాల్సిందే’ దగ్గర ఉన్నవాళ్ళం, నాలుగింటికి ‘కట్టనివాళ్ళకి మేడ తాళం ఇవ్వొద్దు’ దగ్గరికి వచ్చాం, అయిదింటికి లీగల్ నోటీసు దాకా పోయాం. అవతలి గ్రూపు కూడా మినహాయింపు దగ్గర మొదలై, అసలు కామన్ కరెంటు బిల్లే కట్టం అనే దాకా వచ్చిందట. మొస్కొవిచీ, జవలోనీ అని ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 1969లో అచ్చువేసిన ఒక ప్రయోగంలో పారిస్‌లో స్కూలు కుర్రాళ్ళని గుంపులుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. ఫ్రాన్స్ నాయకుడు డిగాల్ అంటే ముందే కొంచెం ఇష్టం ఉన్నవాళ్ళకి మాట్లాడుకున్నాక ఆ ఇష్టం పెరిగింది. అమెరికన్లంటే ముందే కొంచెం పడనివాళ్ళకి మాట్లాడుకున్నాక ఇంకా పడకుండా పోయింది. కొత్తగా ఎవరూ వచ్చి నూరిపొయ్యలేదు. ఒకే వైపు మొగ్గినవాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నారు, అంతే.

అందుకే తాళం వెయ్యడం నాకు నచ్చలేదు. పెద్ద గ్రూపులో జరిగింది చిరాకే, కాదనను. కానీ అక్కడ మేడ తాళం మాట ఎవరైనా అంటే మాస్టారో జి-1 ఆవిడో ‘అదెలా కుదురుతుంది’ అని గయ్యిమనేవారు. ఆ గయ్యిమనేవాళ్ళు లేనిచోటే మనుషులు మర్యాదగా మాట్లాడుకుంటూ ఎంత దూరమైనా పోతారు. గొడవ జరిగే గ్రూపే నయమనిపించింది నాకు.

మా గ్రూపుకి బ్రేకు వేసింది మాత్రం 301 అమ్మాయి. పై అంతస్తుల నంబర్లన్నీ గుడ్డిగా చేర్చేశారు కాబట్టి ఆమె కూడా అందులో పడింది. పొద్దున నోరు మూసుకోమన్న కోపం ఏమీ చూపించలేదు. ‘మేడకి తాళం వేస్తే నా ఏసీ అవుట్‌డోర్ యూనిట్ రిపేరుకి మెకానిక్ ఎలా వెళ్తాడండీ?’ అని అడిగింది. కొంతసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత 404 గారు ‘నిజమే, మా డిష్ కూడా పైనే ఉంది’ అన్నారు. ఇంకొకరు ‘తాళం దాకా ఎందుకులెండి’ అన్నారు. అలా ఒక్కొక్కరూ దిగారు. అప్పటిదాకా వీళ్ళంతా తాళానికి ఒప్పుకున్నట్టే కనిపించారు! సాలమన్ ఆష్ అనే మనస్తత్వ పరిశోధకుడు 1951లో గీతలు చూపించి, ఏ గీత దేనితో సమానమో చెప్పమని చేసిన ప్రయోగం ఇదే. గదిలో అందరూ కావాలని తప్పు జవాబు చెబుతుంటే, కళ్ళెదుట తప్పు కనపడుతున్నా, పిలిచినవాళ్ళలో నలుగురిలో ముగ్గురు ఎప్పుడో ఒకసారి ఆ తప్పే చెప్పారు. తోడుగా సరైన జవాబు చెప్పేవాడు ఒక్కడుంటే చాలు, అలా లొంగిపోవడం బాగా తగ్గిపోయింది. 301 అమ్మాయికి ఇదంతా తెలిసి ఉండదు. ఏసీ గురించి అడిగింది, అంతే.

సాయంత్రం రైతుబజారులో మామిడికాయలు తీసుకుని వచ్చేసరికి గేటు దగ్గర మాస్టారూ 402 గారూ ఇద్దరూ నీళ్ళ టిన్నుల ఆటో కోసం నిలబడి ఉన్నారు. రేపు ఎండ ఇంకా ముదురుతుందట అనుకుంటున్నారు. లిఫ్టు మాట ఇద్దరూ ఎత్తలేదు. చూడటానికి అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను మరి.

రాత్రి లెక్క వేస్తుంటే ఇంకో సంగతి బయటపడింది. నిన్న సాయంత్రం సెక్రటరీ గారు బిల్డింగు పెయింటింగ్ కొటేషన్ కూడా పెట్టారు, 4,32,000 రూపాయలు. అందరికీ సమ్మతమేనా అంటే చకచకా నమస్కారాలు, బొటనవేళ్ళు పడిపోయాయి. ఎవరూ నోరెత్తలేదు. మా 18 ఫ్లాట్లకి పంచితే ఒక్కొక్కరికి 24,000. లిఫ్టు పెంపు ఏడాదికి 2,400. అంటే పదేళ్ళ లిఫ్టు పెంపు, మొత్తం ఒకే దఫాలో. పార్కిన్సన్ అనే ఇంగ్లీషాయన 1957లో ఒక కమిటీ కథ రాశాడు, అందులో కోటి పౌండ్ల అణు రియాక్టరు రెండున్నర నిమిషాల్లో పాసైపోతుంది, 350 పౌండ్ల సైకిల్ షెడ్డు మీద ముప్పావు గంట కొట్టుకుంటారు. రియాక్టరు గురించి ఎవరికీ తెలియదు, షెడ్డు గురించి అందరికీ తెలుసు. పుట్టీ ఎన్నిసార్లు పుయ్యాలి, పరంజా ఖర్చు ఎవరిది, ఇవి మాకూ తెలియవు. లిఫ్టు మాత్రం రోజూ ఎక్కేదే.

గ్రూపుకి తాళం ఉంది కాబట్టి సెక్రటరీ గారికే విడిగా మెసేజ్ పెట్టాను, ఆ కొటేషన్‌లో జీఎస్టీ కలిసే ఉందా, బయటి గోడలకి పరంజా ఖర్చు ఎవరిది అని. వెంటనే జవాబు ఇచ్చారు. ‘అవన్నీ ఆదివారం మీటింగులో చూద్దాం మేడమ్. ముందు ఈ లిఫ్టు సంగతి తేలనివ్వండి.’