మనవాళ్ళు ముందుకు రారట

"మీవాళ్ళకు ఉత్తరాలు పంపి లాభం లేదు, వాళ్ళెలాగూ ముందుకు రారు" అంది మా టీమ్ మీటింగులో ఒకావిడ. చెడ్డ మనిషి కాదు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి అద్దె ఇంటిదాకా దగ్గరుండి చూసిపెట్టింది ఆమే. షుగర్‌తో బతకడం ఎలా ఉంటుందో పేషెంట్ల నోటే వినే పరిశోధన మాది. ఇంటర్వ్యూలకు ఒప్పుకున్నవాళ్ళ జాబితాలో భారతీయుల పేర్లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. లెక్క ప్రకారం ఆమె అన్నది నిజమే. అయినా ఆ మాట నాకు మింగుడుపడలేదు. బస్సులో పక్కసీటు మనిషికి మన షుగర్ ఎంతుందో, ఏ డాక్టరు ఏ మాత్ర మార్చాడో దిగేలోపు చెప్పేసే మనం, పిలిచి అడిగితే మాట్లాడమా?

నేను ఇంగ్లండ్‌లో రీసెర్చ్ నర్సుని. క్లినిక్‌కి వచ్చినవాళ్ళకు సమాచార పత్రం ఇస్తాను, సందేహాలు తీరుస్తాను, ఇష్టపడితే సంతకం తీసుకుంటాను. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చనీ, తప్పుకున్నా వైద్యంలో ఏ తేడా రాదనీ ప్రతి ఒక్కరికీ చెప్తాను. కొత్త మందేమీ ఇవ్వం, చికిత్స మారదు. గంటో గంటన్నరో కూర్చుని రికార్డర్ ముందు తమ జబ్బు గురించి చెప్పుకోవాలి, అంతే. మరి ఎందుకొస్తారు?

ఎక్కువమంది చెప్పేది ఒకటే: నేను పడ్డది ఇంకొకరు పడకూడదు. పెద్దవయసువాళ్ళు ఇంకోటి కూడా అంటారు. 1948లో ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ పుట్టినప్పట్నుంచీ పురుడైనా ఆపరేషనైనా జేబులో చెయ్యి పెట్టకుండా జరిగింది కదా, ఆ రుణం కొంతైనా తీర్చుకుందామని. కొందరికి ఎవరూ పట్టించుకోని ఫిర్యాదు ఒకటి లోపల ఉండిపోతుంది, అది చెప్పుకోవడానికి వస్తారు. కొందరు నర్సు మొహం చూసి కాదనలేక ఒప్పుకుంటారు. వాళ్ళ దగ్గర సంతకం తీసుకోవడానికి నేను తొందరపడను, ఇంటికెళ్ళి ఆలోచించుకుని రమ్మంటాను.

వీటన్నిటికంటే బలమైనది వినేవాళ్ళు దొరకడం అనుకుంటాను. ఇక్కడ జీపీ (ఏ జబ్బుకైనా మొదట వెళ్ళే డాక్టరు) దగ్గర మనకిచ్చే సమయం మామూలుగా పది నిమిషాలు. రిటైరైన ఒక డ్రైవరు (ఆనవాళ్ళు మార్చి చెప్తున్నా) చెప్పదలుచుకున్నవన్నీ నాలుగు మడతల కాగితం మీద రాసుకొచ్చాడు. మొదలుపెట్టాక కాగితం జేబులోకి వెళ్ళింది, మేజోడు కిందికి దిగింది. తీసేసిన రెండు వేళ్ళ చోటు చూపించి, పుండు పడ్డ రోజునుంచీ జరిగినదంతా వరసగా చెప్పాడు. ఎందుకొచ్చారని అడిగితే, "ఇన్నేళ్ళూ నా పాదం చూశారు, నన్నెవరూ అడగలేదు" అన్నాడు.

ఆక్స్‌ఫర్డ్‌లో ఆన్ మెక్‌ఫర్సన్ అనే జీపీకి రొమ్ము కాన్సర్ వచ్చింది. ఆవిడా, మోకాలి ఆపరేషన్ చేయించుకున్న ఆండ్రూ హెర్క్‌స్‌హైమర్ అనే మరో డాక్టరూ కలిసి రోగుల అనుభవాలు సేకరించే పని మొదలుపెట్టి, 2001లో వాటిని ఒక వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులోకి తెచ్చారు. డాక్టర్లకు సైతం, జబ్బు తమదాకా వచ్చేసరికి, అది పడ్డవాళ్ళ మాటలు కావాల్సి వచ్చాయి. అక్కడ మాట్లాడినవాళ్ళు వీడియో వద్దు, గొంతు చాలనొచ్చు. రాతలోకి వచ్చాక వద్దనుకున్న వాక్యాలు తీసేయించుకోవచ్చు.

ఇక మనవాళ్ళ సంగతి. రుణం తీర్చుకోవాలన్న ఆలోచన ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉద్యోగ వీసా మీద వచ్చేవాళ్ళలో చాలామంది పన్ను కట్టడమే కాక, ఆరోగ్య సర్‌చార్జ్ కింద ఏడాదికి 1,035 పౌండ్లు ముందే కట్టి విమానం ఎక్కుతారు. సంతకం అంటే భయపడటానికీ కారణాలున్నాయి. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార కాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో 10–14 ఏళ్ళ ఆడపిల్లల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతిని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘమే తప్పుపట్టింది. అలాంటి చరిత్ర వెనకాల ఉన్నవాళ్ళు కాగితం చూసి వెనక్కి జరిగితే, దానికి నిర్లక్ష్యమని పేరు పెడతారా? పిల్లల సంబంధాల భయం సరేసరి.

అన్నిటికంటే ముఖ్యం, మనవాళ్ళను అసలు అడిగిందెవరు? ఉత్తరం ఇంగ్లీషులో వెళ్తుంది. క్లినిక్‌లో ప్రశ్న పెద్దావిడను అడిగితే జవాబు కొడుకు చెప్తాడు. ఒక తెలుగావిడ విషయంలో అదే జరిగింది (ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నా). "అమ్మకివన్నీ తెలీవండీ" అన్నాడు అబ్బాయి. నేను కుర్చీ ఆమె వైపు జరుపుకుని తెలుగులో అడిగాను.

"ఏం చెప్పాలమ్మా?"

"షుగర్ అని తెలిసిన రోజునుంచీ ఏం జరిగిందో, మీకు ఏది చెప్పాలనిపిస్తే అది."

కాసేపు ఆగి, "ఎవరింటికైనా వెళ్ళినప్పుడు బాత్‌రూంలో గడియ పెట్టుకుని సూది వేసుకుంటాను, అదీ చెప్పొచ్చా?" అంది. కొడుకు తలెత్తి చూశాడు. అతనికీ తెలియదు.

తర్వాత వారం గంటపైనే మాట్లాడింది. ఎందుకు ఒప్పుకున్నారంటే, "కొత్తగా వస్తున్న పిల్లలకి పనికొస్తుందేమో" అంది. ఆ డ్రైవరు పక్కన కూర్చోబెడితే ఇద్దరికీ భాష కుదరదు గానీ, వచ్చిన పని ఒకటే.

దక్షిణాసియావాళ్ళకు టైప్ 2 షుగర్ ముప్పు ఇక్కడి తెల్లవాళ్ళకంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ, పైగా చిన్నవయసులోనే వస్తుంది. ఇలాంటి పరిశోధనల్లో మాట్లాడేది సాధారణంగా కొన్ని పదులమందే. అందులో మన గొంతు లేకపోతే, మన అన్నం గురించీ ఉపవాసాల గురించీ తెలియనివాళ్ళ మాటల మీదే రేపు సలహాలు తయారవుతాయి.

ఇవన్నీ మా టీమ్‌కి చెప్పాను. ఉత్తరం బదులు ఫోన్ చేయాలనీ, ఇంటివాళ్ళకంటే ముందు పేషెంటునే అడగాలనీ, ఇంటర్‌ప్రెటర్ ఖర్చు నిధుల దరఖాస్తులోనే రాయాలనీ అడిగాను. మొదటి రెండూ ఒప్పుకున్నారు. మూడోదానికి ఎంతవుతుందో లెక్క వేసి తెమ్మన్నారు. వేస్తున్నాను.