పరంగిమలై మెట్ల మీద

ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సుకాలం మొదలయ్యేలోగా అమ్మాయి పెళ్లి జరిగితే, చెప్పులు లేకుండా చెన్నైలోని పరంగిమలై కొండ ఎక్కుతానని, క్రీస్తు శిష్యుడు పునీత తోమాగారికి మొక్కుకున్నాను. ఎన్ని సంబంధాలు వచ్చి వెనక్కి పోయాయో! చివరికి సంక్రాంతి వెళ్లగానే పెళ్లయింది. మొక్కు బాకీ పెట్టుకోకూడదని తపస్సుకాలపు శుక్రవారం ఒకటి చూసుకుని బీచ్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కాం.

మెట్ల దగ్గరికి చేరేసరికి ఎండ ముదిరింది. రాయి పెనంలా కాలుతోంది. క్రీస్తు సిలువ మోసిన దారిని గుర్తుచేసే సిలువ మార్గపు స్థలాల దగ్గర జపం చెప్పుకునేవాళ్లు కొందరు, అక్కడే నిలబడి ఫోటోలు దిగేవాళ్లు ఎందరో. తప్పుకోమంటే మనవైపే గుర్రుగా చూస్తారు. మావారు మెట్లు లెక్కపెట్టుకుంటూ నన్ను వదిలేసి ఎప్పుడో పైకి వెళ్లిపోయారు.

నాలుగో స్థలం దాటాక అరికాళ్లు బొబ్బలెక్కి ఆగిపోయాను. పక్కనే ఒక ముసలమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. ఆమె భర్త కింది మెట్టు మీద కూర్చుని, ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని సీసాలోని నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తున్నాడు. మడమ పగుళ్లలోని మట్టిని బొటనవేలితో తుడిచి, తువ్వాలుతో అద్దాడు. నేను ‘ప్రభువా’ అనుకోవడం విని తెలుగులోనే పలకరించాడు. కొరుక్కుపేట వాళ్లట.

“నీ కాళ్లూ ఇటు చాపమ్మా.”

“తాగే నీళ్లు కదా తాతయ్యా!”

“పైన దొరుకుతాయిలే.”

ముసలమ్మ నవ్వింది. “పోయనీవే. పెళ్లినాడు గుళ్లో అందరి ముందు మాట ఇచ్చాడుగా.”

మా అమ్మాయి పెళ్లిలో బైబిల్లోంచి పౌలు రాసిన ఎఫెసీయుల లేఖ అయిదో అధ్యాయం చదివారు. ప్రసంగం మొత్తం భార్య లోబడి ఉండాలన్న దగ్గరే తిరిగింది. భార్యలకు పౌలు చెప్పింది మూడు వచనాలు. భర్తలకు చెప్పింది దానికి రెట్టింపు పైనే. క్రీస్తు తన వధువైన శ్రీసభను, అంటే విశ్వాసుల సంఘాన్ని ప్రేమించి, ఆమె కోసం తన్ను తాను అప్పగించుకున్నాడు, నీళ్లతో కడిగి శుద్ధి చేశాడు, మీరూ అలాగే ప్రేమించండి అంటాడు. ఆ భాగానికి వచ్చేసరికి ప్రసంగం చెప్పే గురువులకు ఎందుకో గొంతు తగ్గుతుంది!

పైన 1523లో పోర్చుగీసువాళ్లు కట్టిన చిన్న గుడి ఇసుక వేస్తే రాలనట్లుంది. తోమాగారు చెక్కారని చెప్పుకునే రాతి సిలువ, 1547లో తవ్వకంలో బయటపడింది, బలిపీఠం వెనకే ఉంది. ముందున్నవాడు ఎత్తిన ఫోను దించడే! వాడి మోచేతి కింది నుంచి సిలువ మీద వాలుతున్న పావురం, చుట్టూ పాత పర్షియా లిపి పహ్లవీ అక్షరాలు రెండు క్షణాలు కనిపించాయి. అంతే, వెనకనుంచి తోశారు. ఆ రెండు క్షణాలకే కళ్లు నిండిపోయాయి. మన ఇళ్లలో అనుమానం పుడితే కాపురాలే కూలిపోతాయి. ప్రభువు తిరిగి లేచాడంటే తోమా అనుమానిస్తే, ఆ పెండ్లికుమారుడు క్రీస్తు అలగలేదు. చేయి పెట్టి చూడమని తన గాయాలు చూపించాడు. పెళ్లిచూపుల్లో వాళ్లడిగిన ప్రశ్నలకు నేను ఎంత చిరాకుపడ్డానో అక్కడే గుర్తొచ్చింది.

బయట మావారు చెట్టునీడన నిలబడి మీనంబాక్కంలో దిగే విమానాలు చూస్తున్నారు. తిరిగి వెళ్తూ భర్తలకు చెప్పిన వచనాలన్నీ ఆయనకు వరసగా అప్పజెప్పాను. అంతా విని నా కాళ్లవైపు చూసి, “రోడ్డు వైపు ఆటో ఉందేమో కనుక్కొస్తానుండు” అన్నారు.