బిందె దగ్గర మొదలైన గొడవ

ఈ వేసవిలో ఉదయగిరి వైపు మా అత్తగారి ఊళ్లో, ట్యాంకర్ దగ్గర ఇద్దరు ఆడవాళ్లు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. వరసలో ఉన్న ప్లాస్టిక్ బిందెను ఒకామె కాలితో పక్కకు నెట్టింది, అంతే. కాసేపటికి మగవాళ్లు కర్రలతో దిగారు. ముందు రోజు దాకా "అక్కా", "వదినా" అని పిలుచుకున్నవాళ్లే.

వాతావరణ మార్పు వల్ల యుద్ధాలొస్తాయని చాలామంది అంటుంటారు. అందుకు సిరియాను చూపిస్తారు. 2011లో అక్కడ అంతర్యుద్ధం రావడానికి ముందు కొన్నేళ్లు ఘోరమైన కరువు. పంటలు పోయి, గొర్రెలు చచ్చి, ఈశాన్య ప్రాంతపు కుటుంబాలు పట్నాల అంచులకు చేరాయి. కానీ కరువొక్కటే యుద్ధం తెచ్చిందంటే నేను ఒప్పుకోను. సరిగ్గా ఆ కష్టకాలంలోనే, 2008లో, ప్రభుత్వం డీజిల్ సబ్సిడీకి కోత పెట్టింది. మోటారు మీద బతికే రైతుకు అదెంత దెబ్బో మన మెట్ట ప్రాంతం వాళ్లకు వేరే చెప్పాలా? సాయుధ ఘర్షణలకు వాతావరణం కంటే పేదరికం, చేతగాని పాలన లాంటివే పెద్ద కారణాలని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన నిపుణుల సంఘం ఐపీసీసీ కూడా అంటోంది.

ఆ ఊళ్లోనూ అంతే. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. వచ్చినా ముందు పలుకుబడి ఉన్నవాళ్ల తొట్లు నిండాలి. పక్క వీధిలో మాత్రం ఇంటికి ఇన్ని బిందెలని ముందే మాట్లాడుకున్నారు, అక్కడ ఒక్క కేకా వినపడలేదు.

ఎండలు ఏటా ముదురుతున్నాయి, బోర్లు ఇంకా లోతుకు పోతున్నాయి. ట్యాంకర్ టైమ్ బోర్డు మీద రాయమని అందరం సంతకాలు పెట్టి ఇచ్చాం. ఇంకా రాయలేదు. మళ్లీ అడుగుతాం.