పాత లాప్‌టాప్‌కి కొత్త స్క్రీన్: ముందు స్టిక్కర్, తర్వాత కేబుల్, ఆఖర్న స్క్రూడ్రైవర్

ర్యామ్ పెంచి, ఎస్‌ఎస్‌డీ వేసి, బ్యాటరీ మార్చినా పాత లాప్‌టాప్ ముందు కూర్చోబుద్ధి కావట్లేదంటే కారణం చాలాసార్లు స్క్రీనే. 1366×768 పిక్సెళ్ల టీఎన్ (చవక రకం ఎల్‌సీడీ) ప్యానెల్‌లో మూత కాస్త వెనక్కి వాల్చితే చాలు, నలుపు బూడిద రంగులోకి దిగిపోతుంది. పక్కనుంచి చూస్తే ఫొటోల్లో ముఖాలు పాలిపోతాయి. దాని స్థానంలో 1920×1080 ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం) ప్యానెల్ పెడితే మిషన్ ఇంకొన్నేళ్లు హాయిగా పనికొస్తుంది. విప్పి బిగించే పని చాలా మోడళ్లలో గంటకు మించదు. డబ్బు వృథా అయ్యేది రెండు చోట్ల: తప్పు ప్యానెల్ తెప్పించినప్పుడు, సరైన ప్యానెల్ తెచ్చి దానికి చాలని పాత కేబుల్ తగిలించినప్పుడు.

లాప్‌టాప్ మోడల్ పేరు చూసి ప్యానెల్ కొనకండి. ఒకే మోడల్‌లో రెండు మూడు కంపెనీల ప్యానెళ్లు వేస్తుంటారు, ఒక్కోసారి కనెక్టరే మారిపోతుంది. నమ్మదగింది ప్యానెల్ వెనక అంటించి ఉన్న స్టిక్కర్. బెజెల్ (తెర చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం) తీసి, ప్యానెల్‌ని ముందుకు వాల్చి, స్టిక్కర్‌నీ కనెక్టర్‌నీ దగ్గరగా ఫొటో తీసుకుని, మళ్లీ బిగించేసి, అప్పుడు ఆర్డర్ పెట్టండి. రెండుసార్లు విప్పాల్సి వస్తుంది నిజమే, కానీ రిటర్న్ పెట్టడం కంటే ఇది తక్కువ శ్రమ. విప్పకుండా ప్యానెల్ నంబరు మాత్రం తెలిస్తే చాలనుకుంటే, విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ప్రోగ్రాములు మానిటర్ విభాగంలో చాలావరకు చూపిస్తాయి.

ఆ నంబరు చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే. ఏయూఓ కంపెనీ ప్యానెల్ మీద బీ156ఎక్స్‌టీఎన్ అని ఉంటే 15.6 అంగుళాలు, 1366×768, టీఎన్. బీ156హెచ్‌టీఎన్ అయితే ఫుల్ హెచ్‌డీయే (1920×1080) గానీ ఇంకా టీఎనే. బీ156హెచ్‌ఏఎన్ అయితే ఐపీఎస్ తరహా. ఎల్‌జీ వాటిలో ఎల్‌పీ156 తర్వాత డబ్ల్యూహెచ్ వస్తే 1366×768, డబ్ల్యూడీ వస్తే 1600×900, డబ్ల్యూఎఫ్ వస్తే 1920×1080. బీఓఈ వాటిలో ఎన్‌టీతో మొదలైతే టీఎన్, ఎన్‌వీతో మొదలైతే ఐపీఎస్ తరహా. ఇన్నోలక్స్‌లో ఎన్156బీజీఈ అంటే మామూలు హెచ్‌డీ (1366×768), ఎన్156హెచ్‌జీఈ అంటే ఫుల్ హెచ్‌డీ టీఎన్, ఎన్156హెచ్‌సీఏ అంటే ఐపీఎస్. "ఫుల్ హెచ్‌డీ" అన్న ఒక్క మాట చూసి హెచ్‌జీఈనో హెచ్‌టీఎన్‌నో తెప్పించుకున్నవాళ్లకి అక్షరాలు చిన్నవవుతాయి తప్ప రంగులు మెరుగుపడవు. హైఫన్ తర్వాత వచ్చే అక్షరాలనూ వదిలేయొద్దు. కనెక్టర్ తేడా, బ్రాకెట్ల తేడా, టచ్ ఉందా లేదా అన్నది చాలాసార్లు అక్కడే తేలుతుంది.

కొలతల సంగతి త్వరగా తేలిపోతుంది. 15.6 అంగుళాల ప్యానెల్‌లో బొమ్మ కనిపించే భాగం సుమారు 344×194 మిల్లీమీటర్లు, ఇది ఎవరు తయారుచేసినా దాదాపు ఒకటే. మారేది చుట్టూ ఉన్న ఫ్రేము. పక్కలకో, పైనా కిందా బ్రాకెట్లు ఉండే రకం వెడల్పు 360 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. సన్న బెజెల్ లాప్‌టాప్‌ల కోసం వచ్చిన బ్రాకెట్లు లేని రకం 350 దగ్గర ఆగిపోతుంది. ఈ రెండో రకాన్ని పాత మూతలో డబుల్ సైడ్ టేపుతో అంటించొచ్చని చాలామంది చెబుతారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. వేడికి జిగురు మెత్తబడితే ప్యానెల్ కిందికి జారి కేబుల్ మీద బరువు వేస్తుంది. మీ పాత ప్యానెల్‌కి స్క్రూలు ఎక్కడ పడుతున్నాయో కొత్తదానికీ అక్కడే పడాలి. మందం కూడా చూడండి: పాత రకం 5 మిల్లీమీటర్ల పైనే, స్లిమ్ రకం 3.2 దగ్గర ఉంటుంది. 16:10 నిష్పత్తి ఉన్న 15.4 అంగుళాల మూతలో 15.6 అంగుళాల 16:9 ప్యానెల్ పట్టదు. వెనక వెలుగుకి ఎల్‌ఈడీ బదులు సీసీఎఫ్‌ఎల్ అనే సన్నటి ట్యూబులైటు, దానికి విడిగా ఇన్వర్టర్ బోర్డు ఉన్న మరీ పాత మిషన్ అయితే ఈ ప్రయత్నం మానుకోమనే చెబుతాను.

ఇక కేబుల్. ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి.

పాత లాప్‌టాప్‌లలో స్క్రీన్‌కి సిగ్నల్ రెండు పద్ధతుల్లో వస్తుంది. ఎల్‌వీడీఎస్ పాతది, ఎల్‌ఈడీ ప్యానెళ్లలో ఎక్కువగా 40 పిన్నుల కనెక్టర్‌తో ఉంటుంది. ఈడీపీ తర్వాత వచ్చింది, మామూలు ఫుల్ హెచ్‌డీ ప్యానెళ్లలో 30 పిన్నులు. ఈడీపీలోనూ 40 పిన్నుల రకం ఉంది, ప్యానెల్‌లోనే టచ్ ఉన్నవాటికీ, 4కే, 120, 144 హెర్ట్జ్ ప్యానెళ్లకీ వాడతారు. కాబట్టి పిన్నులు 40 ఉన్నాయని లెక్కపెట్టేసి ఎల్‌వీడీఎస్ అని తేల్చేయొద్దు, ప్యానెల్ డేటాషీట్ (తయారీదారు ఇచ్చే సాంకేతిక వివరాల పత్రం) తెరిచి చూడండి. ఒకదాని ప్యానెల్‌ని ఇంకోదాని కేబుల్‌కి పెడితే బొమ్మ రాకపోవడమే కాదు, కరెంటు పిన్నులు వేరే చోట ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి కాలే ప్రమాదం ఉంది.

ఈడీపీ ఉన్నంత మాత్రాన ఫుల్ హెచ్‌డీ వచ్చేస్తుందని కాదు. 1366×768 బొమ్మకి పిక్సెల్ క్లాక్ (సెకనుకి పంపే పిక్సెళ్ల లెక్క) సుమారు 72 మెగాహెర్ట్జ్. పిక్సెల్‌కి 18 బిట్ల చొప్పున సెకనుకి 1.3 గిగాబిట్లు. ఈడీపీలో ఒక లేన్ (డేటా వెళ్లే ఒక జత తీగలు) 2.7 గిగాబిట్ల వేగంతో నడిస్తే, ఎన్‌కోడింగ్ పోగా డేటాకి మిగిలేది 2.16. అంటే హెచ్‌డీ ప్యానెల్‌కి ఒక్క లేన్ సరిపోతుంది, తయారీదారు కూడా కేబుల్‌లో ఆ ఒక్క లేన్‌కే తీగలు వేసి ఊరుకుని ఉండొచ్చు. 1920×1080 కి వచ్చేసరికి క్లాక్ 138.5 మెగాహెర్ట్జ్, 18 బిట్లకే 2.49 గిగాబిట్లు కావాలి. ఒక్క లేన్ చాలదు. రెండు లేన్లుంటే 4.32 వస్తుంది, 24 బిట్ల రంగుకి కావాల్సిన 3.32 కూడా అందులో ఇమిడిపోతుంది.

మీ కేబుల్‌లో రెండో లేన్ ఉందో లేదో కంటితోనే చూడొచ్చు. మామూలు 30 పిన్నుల ఈడీపీలో 6, 7 పిన్నులు మొదటి లేన్, 3, 4 పిన్నులు రెండోది. కేబుల్ కనెక్టర్‌ని వెలుతురులో పట్టుకుని భూతద్దంతో చూస్తే 3, 4 దగ్గర తీగలు దిగాయా, ఖాళీగా ఉన్నాయా తెలిసిపోతుంది. ఖాళీగా ఉంటే అదే మోడల్ ఫుల్ హెచ్‌డీ వేరియంట్‌కి వచ్చిన కేబుల్ తెప్పించుకోవాలి. దాని పార్ట్ నంబరు సర్వీస్ మాన్యువల్‌లో దొరుకుతుంది. మీ మదర్‌బోర్డుతో ఫుల్ హెచ్‌డీ వేరియంట్ అసలు అమ్మారో లేదో కూడా ఆ మాన్యువల్‌లోనే చూడండి. బోర్డులోనే రెండో లేన్ దారి లేకపోతే కేబుల్ మార్చినా ఫలితం ఉండదు. థింక్‌ప్యాడ్ టీ440పీ లాంటి కొన్నింటిలో ఈ బెడద లేదు, ఉన్న కేబుల్‌కే 30 పిన్నుల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ ప్యానెల్ తగిలిస్తే నడుస్తుంది.

ఎల్‌వీడీఎస్‌లో ఇదే సమస్య సింగిల్ ఛానెల్, డ్యుయల్ ఛానెల్ రూపంలో వస్తుంది. 1366×768 కి సింగిల్ చాలు. 1600×900, 1920×1080 లకి డ్యుయల్ కావాలి, అంటే డేటా జతలు రెట్టింపు. ఎల్‌వీడీఎస్‌తో వచ్చిన ఫుల్ హెచ్‌డీ ప్యానెళ్లలో ఐపీఎస్‌వి తక్కువ. కన్వర్టర్ బోర్డు వేసి ఈడీపీ ప్యానెల్ నడిపే మార్గాలు కొన్ని మోడళ్లకి ఉన్నాయి, వాటిలో మదర్‌బోర్డు మీద సన్నటి తీగలు సోల్డర్ చేయాల్సినవీ ఉంటాయి. ఆ పని చేయి తిరిగినవాళ్లకి వదిలేయడం మంచిది. అలాంటి మిషన్‌కి రిజల్యూషన్ పెంచకుండా ప్యానెల్ రకం మాత్రం మార్చుకోవడం కూడా గొప్ప మార్పే. థింక్‌ప్యాడ్ ఎక్స్220, ఎక్స్230 లకి 1366×768 ఐపీఎస్ ప్యానెల్ ఫ్యాక్టరీ ఆప్షన్‌గా ఉండేది. టీఎన్ తీసి అది పెట్టుకుంటే కేబుల్ జోలికి పోనక్కర్లేదు.

ప్యానెల్ ఎంచుకునేటప్పుడు రిజల్యూషన్ తర్వాత నేను చూసేది రంగుల పరిధి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల పరిధిని కొలిచే ఒక ప్రమాణం) అని రాసి ఉన్న ఐపీఎస్ ప్యానెల్ చూపు కోణాల్లో బాగుంటుంది, కానీ ఎరుపు ఇటుక రంగులా కనిపిస్తుంది. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ, ఫొటోలకీ వెబ్‌కీ మామూలుగా వాడే రంగుల పరిధి. ఫొటోలు చూసేవాళ్లు దీనికే వెళ్లండి. వెలుగు 220, 250 నిట్స్ ఉంటే గదిలో చాలు, కిటికీ పక్కన కూర్చుంటే 300 పైన కావాలి. ప్యానెల్ డేటాషీట్‌లో బ్యాక్‌లైట్ పీడబ్ల్యూఎం (వెలుగు తగ్గించడానికి దీపాన్ని వేగంగా ఆర్పి వెలిగించే పద్ధతి) ఫ్రీక్వెన్సీ కూడా ఉంటుంది. 200 హెర్ట్జ్ దగ్గర నడిస్తే వెలుగు తగ్గించినప్పుడు కొందరికి కళ్లు లాగుతాయి.

ప్యానెల్, కేబుల్ చేతికొచ్చాక విప్పడం మొదలుపెట్టండి. షట్‌డౌన్ చేయండి, స్లీప్ సరిపోదు. చార్జర్ తీసి, బ్యాటరీ తీసేయండి. బ్యాటరీ లోపలే ఉండే రకమైతే కింది మూత తెరిచి దాని కనెక్టర్ ఊడదీయండి. కొన్ని థింక్‌ప్యాడ్‌ల బయోస్‌లో బిల్టిన్ బ్యాటరీని ఆపేసే ఆప్షన్ ఉంటుంది. తర్వాత పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకోండి. ఈ మెట్టు దాటేయడం వల్లే ఎక్కువ బోర్డులు పాడవుతాయి. బ్యాక్‌లైట్ పిన్నుల్లో బ్యాటరీ వోల్టేజి నేరుగా ఉంటుంది, పక్కనే డేటా పిన్నులు 3.3 వోల్టుల లోపు పనిచేసేవి. కరెంటు ఉండగా కనెక్టర్ వంకరగా దూరిందంటే బోర్డు మీది బ్యాక్‌లైట్ ఫ్యూజు పోతుంది, అదృష్టం బాగోకపోతే ఇంకా పెద్దదే పోతుంది.

బెజెల్ మూలల్లో రబ్బరు బుడిపెల కింద స్క్రూలు దాక్కుని ఉంటాయి. అవి తీశాక ప్లాస్టిక్ పిక్‌ని లోపలి అంచు నుంచి దూర్చి క్లిప్పులు ఒక్కొక్కటే విడిపించండి. హింజుల (మూత కీళ్ల) దగ్గరి క్లిప్పులు గట్టివి, వాటిని ఆఖర్న పట్టండి. ప్యానెల్ స్క్రూలు తీసి, కీబోర్డు మీద మెత్తటి బట్ట పరిచి, దాని మీదకి ప్యానెల్‌ని బోర్లా వాల్చండి. కనెక్టర్ మీద పారదర్శక టేపు ఉంటుంది, చివరి నుంచి మెల్లగా ఒలిచి దాచండి. దాని కింద సన్నటి లోహపు కమ్మీ ఉంటే అదే లాకు; గోటితో పైకి లేపి కేబుల్ వైపు వాల్చాలి. కనెక్టర్‌ని రెండు చివర్లా పట్టుకుని ప్యానెల్‌కి సమాంతరంగా జరపాలి. పైకి లాగితే సాకెట్ సోల్డర్‌తో సహా లేచొస్తుంది. కొత్తదానిలో పెట్టేటప్పుడు రెండు చివర్లూ ఒకేసారి లోపలికి వెళ్లాయో లేదో చూసి, అప్పుడే లాకు వేసి టేపు అంటించండి.

ఇంకా ఏ స్క్రూ బిగించకండి. ప్యానెల్‌ని జాగ్రత్తగా నిలబెట్టి, బ్యాటరీ కలిపి ఆన్ చేసి చూడండి. తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒక్కొక్కటీ తెర నిండా పెట్టి డెడ్ పిక్సెళ్లు (పనిచేయని చుక్కలు) వెతకండి. వెలుగు పూర్తిగా తగ్గించి, పెంచండి. స్లీప్‌లో పెట్టి లేపండి. ఏదైనా తేడా ఉంటే రిటర్న్ చేయడానికి ఇదే సమయం. ప్యానెల్ మీది రక్షణ ఫిల్ము అప్పటిదాకా తీయొద్దు.

తెర నల్లగా ఉంటే టార్చి వేసి ఏటవాలుగా చూడండి. మసకగా బొమ్మ కనిపిస్తే సిగ్నల్ వస్తోంది, బ్యాక్‌లైట్ కరెంటే లేదు: కనెక్టర్ సరిగా కూర్చోలేదు, లేదా ఫ్యూజు పోయింది. వెలుగు ఉండి బొమ్మ అసలు రాకపోతే డేటా రావట్లేదు. బయోస్ లోగో కనిపించి, విండోస్ మొదలవగానే నల్లబడితే, లేదా రిఫ్రెష్ రేటు 40, 48 హెర్ట్జ్ దగ్గరే ఆగితే ఒక లేన్ కేబుల్‌నే ముందు అనుమానించండి. ఎల్‌వీడీఎస్‌లో బొమ్మ చీలినట్టో రెండుగానో వస్తే ఛానెల్ తేడా. మూత కదిపినప్పుడు మాత్రమే మినుకుమంటే హింజు దగ్గర కేబుల్ నలిగింది, ప్యానెల్‌ది తప్పు కాదు. స్క్రూలు బిగించాక మూలల్లో తెల్లటి మచ్చలు వచ్చాయంటే అతిగా బిగించారు. పావు తిప్పు వదిలితే చాలావరకు తగ్గుతాయి.

అంతా సరిగ్గా ఉంటే కేబుల్‌ని పాత దారిలోనే, హింజు దగ్గర బిగుతు లేకుండా పరిచి బెజెల్ మూసేయండి. విండోస్‌లో పాత ప్యానెల్ కోసం పెట్టిన కలర్ ప్రొఫైల్ ఉంటే తీసేయండి, లేకపోతే కొత్త ప్యానెల్‌లో రంగులు వింతగా కనిపిస్తాయి. 15.6 అంగుళాల్లో 1366×768 అంటే అంగుళానికి 100 పిక్సెళ్లు, ఫుల్ హెచ్‌డీ అంటే 141. అక్షరాలు మరీ చిన్నవిగా అనిపిస్తే స్కేలింగ్ 125 శాతం పెట్టి, క్లియర్‌టైప్ (అక్షరాల అంచులు నునుపు చేసే విండోస్ సౌకర్యం) ఒకసారి సరిచేసుకోండి.