స్కూల్లో పిల్లలు కొట్టుకున్న రోజు: పేరెంట్స్ గ్రూపు చేసే నష్టం, అడగాల్సిన అసలు ప్రశ్నలు

తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు కొట్టుకున్నారు, ఒకడికి తల పగిలింది, ఆస్పత్రికి తీసుకెళ్లారు. తెలిసింది అంతవరకే. సాయంత్రం ఆరింటికి పేరెంట్స్ గ్రూపులో అది బ్లేడు దాడి అవుతుంది, ఏడింటికి గంజాయి గొడవ అవుతుంది, పడుకునే వేళకి ఆ అబ్బాయి చనిపోయాడని కూడా రాసేస్తారు. ఈలోపు ఎవరో ఒకరు క్లాస్ గ్రూప్ ఫొటో పెట్టి, ఒక మొహం చుట్టూ ఎర్ర గీత గీస్తారు.

ఇది మంచిది కాదని చాలామందికి తెలుసు. అయినా "నిప్పు లేనిదే పొగ రాదు కదా, మనం గట్టిగా అరవకపోతే స్కూలు మొత్తం కప్పిపుచ్చేస్తుంది" అంటారు. స్కూళ్లు కప్పిపుచ్చుతాయన్న మాట నిజమే. కానీ పుకారు వల్ల మొదట బాగుపడేది ఆ కప్పిపుచ్చే యాజమాన్యమే. మర్నాడు మీటింగులో కరెస్పాండెంట్ లేచి "బ్లేడు లేదు, గంజాయి లేదు, బాబు క్షేమంగా ఉన్నాడు, మీరంతా వదంతులు నమ్ముతున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. గ్రూపులో తిరిగిన ఆ మూడు మాటలూ నిజంగానే అబద్ధాలు కాబట్టి ఎవరూ నోరెత్తలేరు. లంచ్ టైములో ఆ మెట్ల దగ్గర డ్యూటీ ఎవరిది, ఆ పిల్లాడి తల్లి అంతకుముందు ఇచ్చిన కంప్లయింట్ ఏమైంది, దెబ్బ తగిలాక ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఎంతసేపు పట్టింది అనేవి అసలు ప్రశ్నలు. వాటిని అడిగే అవకాశం ఆ మీటింగులోనే పోతుంది.

తొందరపాటు ఎంత దూరం తీసుకెళ్తుందో 2017లో గురుగ్రామ్ చూపించింది. సెప్టెంబరు 8న అక్కడి ఒక ప్రైవేటు స్కూల్ బాత్రూములో రెండో తరగతి పిల్లాడిని గొంతు కోసి చంపారు. అదే రోజు పోలీసులు స్కూల్ బస్సు కండక్టర్‌ని అరెస్టు చేశారు. అతను నేరం ఒప్పుకున్నాడని టీవీల్లో చూపించారు. లైంగిక దాడికి ప్రయత్నించి చంపాడన్నారు. అక్కడి లాయర్ల సంఘాలు అతని తరఫున వాదించబోమన్నాయి. కేసు సీబీఐకి వెళ్లాక నవంబరులో అదే స్కూల్ పదకొండో తరగతి కుర్రాడిని అదుపులోకి తీసుకున్నారు. లైంగిక దాడికి ఆధారాలు లేవని సీబీఐ చెప్పింది. 2018 ఫిబ్రవరిలో కోర్టు కండక్టర్‌ని కేసు నుంచి తప్పించింది. అప్పటికే అతను రెండు నెలలకు పైగా జైల్లో ఉండి వచ్చాడు.

అదే కేసులో బాబు తండ్రి దారి వేరు. స్కూళ్ల భద్రతకి ఎవరు జవాబుదారీ అని ఆయన సుప్రీంకోర్టుకి వెళ్లారు. కోర్టు ఇచ్చిన ఆదేశాల ఫలితంగానే కేంద్ర విద్యాశాఖ 2021 అక్టోబరులో స్కూల్ భద్రతపై మార్గదర్శకాలు ఇచ్చింది. పిల్లల భద్రతలో నిర్లక్ష్యం జరిగితే ప్రైవేటు స్కూల్లో యాజమాన్యం, ప్రిన్సిపల్, ప్రభుత్వ స్కూల్లో హెచ్ఎం (హెడ్‌మాస్టరు), విద్యాశాఖ అధికారులు బాధ్యులని అందులో ఉంది. ఈరోజు మనం స్కూలుకి రాసే ప్రతి లెటర్లోనూ పేర్కొనదగ్గ కాగితం అది.

ఇక పనిలోకి వద్దాం. మొదటి సాయంత్రం గ్రూపులో ఒక్క మెసేజ్ చాలు, అది ఇలా ఉంటే బాగుంటుంది:

"ఈరోజు మధ్యాహ్నం సుమారు ఒంటిగంటకి 9వ తరగతి పిల్లల మధ్య గొడవ జరిగింది. ఒక బాబుని ఆస్పత్రిలో చేర్చామని ప్రిన్సిపల్ ఫోన్లో చెప్పారు. ఇంతకుమించి మనకు తెలియదు. పేర్లు, ఫొటోలు, వీడియోలు దయచేసి పెట్టకండి. రేపు ఉదయం 9 గంటలకి స్కూల్లో లెటర్ ఇస్తున్నాం, సంతకం చేసేవాళ్లు రండి."

తర్వాత అడ్మిన్ గ్రూపుని 'అడ్మిన్లు మాత్రమే' సెట్టింగులో పెట్టేయాలి. నోరు నొక్కేస్తున్నారని కొందరికి కోపం వస్తుంది, వచ్చినా పర్వాలేదు.

పేర్లు వద్దనడం కేవలం మర్యాద కోసం కాదు. పిల్లల నేరాలు, రక్షణకి సంబంధించిన జువైనల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 74 ప్రకారం కొట్టిన పిల్లాడి పేరే కాదు, దెబ్బ తిన్నవాడిదీ, చూసిన సాక్షిదీ కూడా బయటపెట్టకూడదు. పేరు, అడ్రసు, స్కూల్ పేరు, గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ వివరమైనా ఇందులోకి వస్తుంది. పేపరు, టీవీలతో పాటు 'ఇతర సమాచార మాధ్యమాలు' అని కూడా ఆ సెక్షన్లో ఉంది. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఎర్ర గీత గీసిన ఫొటో ఫార్వర్డ్ చేసినవాళ్లు ఈ సెక్షన్ కిందకి రావచ్చని గుర్తుంచుకోవాలి.

నిందితుడెవరో ఊరంతా తెలిసిపోతే ఏమవుతుందో 2024 ఆగస్టులో ఉదయ్‌పూర్‌లో చూశాం. 16న ప్రభుత్వ స్కూల్ పదో తరగతి పిల్లాడొకడు తోటి కుర్రాడిని కత్తితో పొడిచాడు. ఇద్దరివీ వేరు మతాలు. ఆ రోజే ఊళ్లో వాహనాలు తగలబడ్డాయి, ఇంటర్నెట్ ఆపేశారు. మర్నాడు నిందితుడి కుటుంబం ఉంటున్న ఇంటిని బుల్డోజర్‌తో కూల్చారు. అది అద్దె ఇల్లు. పోయింది ఏ సంబంధమూ లేని ఇంటి ఓనరు ఇల్లు. ఆయన సుప్రీంకోర్టుకి వెళ్లారు. అలాంటి కేసులన్నీ కలిపి విని, నిందితుడన్న కారణంతో ఇల్లు కూల్చడం చెల్లదని ఆ నవంబరు 13న కోర్టు చెప్పింది. కత్తిపోటు తిన్న బాబు 19న ఆస్పత్రిలో చనిపోయాడు. ఇంత జరిగినా, ఒక పిల్లాడి బ్యాగులో కత్తి ఎలా వచ్చింది, దాన్ని ఎవరూ ఎందుకు పట్టుకోలేదన్న ప్రశ్న వెనక్కే పోయింది.

పిల్లల సాక్ష్యం విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. గొడవ చూసిన పిల్లలు ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లో గ్రూపు చదువుతారు. తను చూసింది, గ్రూపులో చదివింది రెండు రోజుల్లో కలిసిపోతాయి. తర్వాత విచారణలో "నువ్వు కళ్లారా చూశావా, ఎవరైనా చెప్పారా?" అన్న ఒక్క ప్రశ్నకి ఆ సాక్ష్యం పడిపోతుంది, నష్టపోయేది దెబ్బ తిన్న పిల్లాడే. కాబట్టి ఆ రాత్రే మీ వాడిని కూర్చోబెట్టి, వాడి మాటల్లోనే ఒక కాగితం మీద రాయండి. ఎక్కడ నిలబడ్డాడు, ఏం చూశాడు, ఏం విన్నాడు, పక్కన ఎవరున్నారు, ఏ పీరియడ్ తర్వాత. "వాడి చేతిలో కత్తి ఉందా?" అని అడగకూడదు, "వాడి చేతిలో ఏమైనా ఉందా?" అనీ అడగకూడదు. "తర్వాత ఏమైంది?" అని మాత్రమే అడగాలి. కింద తారీఖు, టైము వేసి పక్కన పెట్టేయండి. మళ్లీ మళ్లీ చెప్పించకండి.

మీ పిల్లాడి ఫోన్లో వీడియో ఉంటే ఫార్వర్డ్ చేయొద్దు, డిలీట్ కూడా చేయొద్దు. వాట్సాప్‌లో పంపగానే క్వాలిటీ తగ్గుతుంది, తీసిన తేదీ, టైము వివరాలు పోతాయి. తీసిన ఫోన్లోని ఒరిజినల్ ఫైలే అసలు ఆధారం. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారానికి సర్టిఫికెట్ కావాలి, అందులో ఆ ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని తేల్చే వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాస్తారు. పదిమంది చేతులు మారిన కాపీతో ఇదంతా కష్టమవుతుంది.

ఆస్పత్రి దగ్గర చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పిల్లాడిని తీసుకెళ్లేది సాధారణంగా పీఈటీ సారో, ఆఫీసు స్టాఫో. క్యాజువాలిటీలో "ఎలా తగిలింది?" అని అడిగితే "మెట్ల మీద నుంచి పడ్డాడు" అని చెప్పేస్తారు. డాక్టరు అదే రాసుకుంటారు. తర్వాత కొట్టారని మీరెంత మొత్తుకున్నా, మొదట రాసిన ఆ వాక్యాన్ని అవతలి లాయరు చూపిస్తాడు. తల్లిదండ్రులు చేరుకోగానే చేయాల్సిన మొదటి పని, దెబ్బ ఎలా తగిలిందని రాశారో చూడడం. తప్పుగా ఉంటే స్పృహలో ఉన్న పిల్లాడి చేతే డాక్టరుకి చెప్పించి రాయించాలి, మెడికో లీగల్ కేసుగా (పోలీసులకి చెప్పాల్సిన కేసుగా) నమోదు చేయమని, పోలీసులకి కబురు పంపమని అడగాలి.

ఇక అన్నిటికన్నా ఎక్కువ తిరిగే పుకారు: "ఎఫ్ఐఆర్ కట్టలేదట, పోలీసులు అమ్ముడుపోయారు." డబ్బులు మారిన కేసులు ఉండవని కాదు. కానీ జువైనల్ జస్టిస్ నమూనా నిబంధనలు 2016, రూల్ 8 ఏం చెబుతుందో తెలుసుకోవాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు చేసిన నేరం 'ఘోరమైనది' అయితేనో, పెద్దవాళ్లతో కలిసి చేస్తేనో తప్ప ఎఫ్ఐఆర్ ఉండదు. మిగతావన్నీ స్టేషన్ జనరల్ డైరీలో రాసి, పిల్లాడి కుటుంబ పరిస్థితులపై రిపోర్టు జతచేసి, పిల్లల నేరాల్ని విచారించే జువైనల్ జస్టిస్ బోర్డుకి పంపాలి. ఘోరమైన నేరం అంటే చట్టంలో కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నది. తలకి కుట్లు పడిన గొడవ ఇందులోకి రాదు. కాబట్టి "ఎఫ్ఐఆర్ ఎందుకు లేదు?" అని కేకలు వేసే బదులు, "జనరల్ డైరీ ఎంట్రీ నంబరు ఎంత, బోర్డుకి ఎప్పుడు పంపారు, ఈ స్టేషన్లో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరు?" అని అడగండి. ప్రతి స్టేషన్లోనూ ఏఎస్ఐ స్థాయికి తగ్గని అధికారి ఒకరు ఆ బాధ్యతలో ఉండాలి. స్టేషన్లో కాలయాపన ఎక్కడైనా ఉంటే ఈ ప్రశ్నలకే బయటపడుతుంది.

స్కూలుకి ఇచ్చే లెటర్ ఆలస్యం కాకూడదు, దానికి కారణం సీసీటీవీ. హార్డ్ డిస్క్ నిండగానే పాత రికార్డు మీదే కొత్తది పడుతుంది. సీబీఎస్ఈ స్కూళ్లకి 2025 జూలైలో వచ్చిన సవరణ ప్రకారం గేట్లు, వరండాలు, మెట్లు, క్లాసురూములు, ఆటస్థలం అన్నిచోట్లా (బాత్రూములు తప్ప) శబ్దం కూడా రికార్డయ్యే కెమెరాలు ఉండాలి, కనీసం 15 రోజుల ఫుటేజీ ఉంచాలి. పదహారో రోజు వెళ్లి అడిగితే "పోయిందండీ" అంటారు, అది అబద్ధం కాకపోవచ్చు. లెటర్లో ఏ కెమెరా, గొడవకి అరగంట ముందు నుంచి పిల్లాడిని బండి ఎక్కించే వరకు ఏ టైము నుంచి ఏ టైము దాకా అన్నది స్పష్టంగా రాసి, దాన్ని భద్రపరిచి పోలీసులకి అప్పగించమని కోరండి. ఫుటేజీ మాకివ్వండి అని మాత్రం అడగొద్దు. మిగతా పిల్లల మొహాలుంటాయన్న సాకుతో లెటర్ మొత్తం పక్కన పడేస్తారు. ఫుటేజీతో పాటు ఆ రోజు డ్యూటీ చార్టు, అంతకుముందు వచ్చిన కంప్లయింట్లు, దెబ్బ తగిలిన టైము, తల్లిదండ్రులకి ఫోన్ చేసిన టైము, ఆస్పత్రికి బయల్దేరిన టైము రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఒక కాపీ మీద ఆఫీసు స్టాంపు, తేదీ వేయించుకోవాలి. ఇంకో కాపీ డీఈవోకి (జిల్లా విద్యాశాఖాధికారికి), సీబీఎస్ఈ స్కూలైతే రీజనల్ ఆఫీసుకి కూడా. ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్లలో అయితే విద్యాహక్కు చట్టం ప్రకారం తల్లిదండ్రులే నాలుగింట మూడొంతులు ఉండే మేనేజ్‌మెంట్ కమిటీ ఉంటుంది. దాన్ని సమావేశపరిచి తీర్మానం రాయించడం ఇంకా బలంగా ఉంటుంది.

కొట్టిన పిల్లాడి సంగతి? "చిన్నపిల్లలని వదిలేస్తారు" అన్నది సగం నిజం కూడా కాదు. లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో బోర్డు ముందుకి తేవాలి, బెయిల్ సాధారణంగా ఇస్తారు. కానీ విచారణ ఉంటుంది. కౌన్సెలింగ్, సామాజిక సేవ, ప్రొబేషన్ దగ్గర్నుంచి మూడేళ్ల వరకు స్పెషల్ హోమ్‌లో (నేరం రుజువైన పిల్లల్ని ఉంచేచోట) ఉంచడం దాకా బోర్డు ఆదేశించవచ్చు, తల్లిదండ్రుల చేత జరిమానా కట్టించవచ్చు. పదహారు దాటినవాడు ఘోరమైన నేరం చేస్తే పెద్దవాళ్లలా విచారించాలా అన్నది బోర్డు ప్రాథమికంగా అంచనా వేస్తుంది.

చదువు ఆపేయాలన్న డిమాండ్ దగ్గరే తల్లిదండ్రులు నిజంగా రెండుగా చీలిపోతారు. 2025 ఫిబ్రవరి ఆఖర్లో కేరళలోని తామరస్సేరిలో, ఒక ట్యూషన్ సెంటర్ ఫేర్‌వెల్‌లో డాన్సు మధ్యలో పాట ఆగిపోతే అవతలి స్కూల్ పిల్లలు గోల చేశారు. ఆ కక్షతో జరిగిన కొట్లాటలో పదో తరగతి బాబు చనిపోయాడు. నిందితులైన పిల్లల్ని పది పరీక్షలు రాయనివ్వడంపై నిరసనలు లేచాయి, చివరికి విచారణలో ఉన్న పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌లోనే రాయించారు. తర్వాత ప్రభుత్వం వాళ్ల ఫలితాలు ఆపితే హైకోర్టు తప్పుపట్టింది. బిడ్డని పోగొట్టుకున్న ఇంటివాళ్ల కోపాన్ని తప్పనే హక్కు ఎవరికీ లేదు. అయినా కోర్టు మాటే సరైనదని నా అభిప్రాయం. శిక్ష బోర్డు వేస్తుంది, పరీక్షల విభాగం కాదు.

మన దగ్గర దీనికి మరో రూపం టీసీ. గొడవ సద్దుమణగడానికి స్కూలు రెండు వైపుల వాళ్లనీ పిలిచి "ఇద్దరికీ టీసీ ఇచ్చేస్తాం, పేరు పోకుండా బయటపడండి" అంటుంది. న్యాయంగా కనిపిస్తుంది కానీ దెబ్బ తిన్నవాడికి ఇది రెండో దెబ్బ. ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఏ పిల్లాడినీ స్కూలు నుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 చెబుతోంది. తొమ్మిది, పది తరగతులకి ఆ రక్షణ లేదు కాబట్టి ఒత్తిడి అక్కడే ఎక్కువ. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) వెళ్లిపోయాక స్కూలు మారితే పరీక్ష దగ్గర చిక్కులొస్తాయి. టీసీ దరఖాస్తులో కారణం దగ్గర 'తల్లిదండ్రుల కోరిక మేరకు' అని ఆఫీసువాళ్లే రాసి సంతకం పెట్టమంటారు. అది మీ కోరిక కాకపోతే సంతకం పెట్టకండి. ఆ కాగితం ఫొటో తీసుకుని, స్కూలు ఎవరి ద్వారా, ఏ రోజు అడిగిందో రాసి డీఈవో ఆఫీసులో ఇచ్చి రసీదు తెచ్చుకోండి.