సిగ్నల్ నిండుగా ఉన్నా బొమ్మ రాకపోతే

అమెరికాలో యాంటెన్నాతో ఉచితంగా టీవీ చూసేవాళ్లు ఈమధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. ట్యూనర్‌లో సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంటుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. దీనికి యాంటెన్నా మార్చి లాభం లేదు. స్టేషన్ తన ఏటీఎస్‌సీ 3.0 (కొత్త తరం డిజిటల్ టీవీ విధానం) ప్రసారానికి తాళం వేసి, అంటే ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటుంది.

పాత ఏటీఎస్‌సీ 1.0కి తాళం లేదు. సెకనుకు 19.39 మెగాబిట్లు, ఎంపెగ్-2 వీడియో, ఏసీ-3 ఆడియో. మొత్తం స్ట్రీమ్‌ను రికార్డు చేస్తే గంటకు దాదాపు 8.7 గిగాబైట్లు పడుతుంది, ఆ ఫైలు దాదాపు ఏ కంప్యూటర్‌లోనైనా ఆడుతుంది. దీనికీ కాపీ అడ్డుకట్ట వేయాలని అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2003లో 'బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్' నిబంధన తెచ్చింది. ప్రసారం అందుకున్నాక పరికరం ఏం చేయాలో శాసించే అధికారం మీకు లేదంటూ 2005 మేలో కోర్టు దాన్ని కొట్టేసింది.

2017లో ఎఫ్‌సీసీ అనుమతించిన 3.0లో హెచ్‌ఈవీసీ వీడియో, ఏసీ-4 ఆడియో ఉంటాయి. సాంకేతికంగా ఇది మెరుగైనదే, అందులో సందేహం లేదు. బాధల్లా తాళంతోనే. వేయాలా వద్దా అన్నది స్టేషన్ ఇష్టం; తీయాలంటే పరికరానికి ఏ3ఎస్ఏ అనే సంస్థ ధ్రువీకరణ ఉండాలి. ఉచిత ప్రసారానికి ఇలాంటి షరతు పెట్టడం అన్యాయం.

తేడా ఇలా పట్టుకోవచ్చు. బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంటే సిగ్నల్ లోపం. బొమ్మ బాగుండి శబ్దం రాకపోతే ప్లేయర్‌కు ఏసీ-4 తెలియదన్నమాట. సిగ్నల్ నిలకడగా ఉండి ఏమీ రాకపోతే చాలావరకు తాళమే.

హెచ్‌డీహోమ్‌రన్ (యాంటెన్నా ప్రసారాన్ని ఇంటి నెట్‌వర్క్‌లోకి పంపే ట్యూనర్ పెట్టె) వాడేవాళ్లకు 3.0 చానళ్లు వంద కలిపిన అంకెతో కనిపిస్తాయి: 4.1కి జోడీ 104.1. 104.1కి తాళం పడితే రికార్డింగ్‌ను 4.1కి మార్చేయండి. 3.0కి మారిన స్టేషన్లు చాలావరకు తమ ప్రధాన కార్యక్రమాలను పొరుగు స్టేషన్ ట్రాన్స్‌మిటర్ మీద 1.0లో కూడా పంపుతున్నాయి. అందుకే పాత చానల్ ఉన్నట్టుండి మాయమైతే మొదట రీస్కాన్ చేయండి. దాని అసలు ప్రసార పౌనఃపున్యం యూహెచ్‌ఎఫ్ నుంచి అంతకంటే తక్కువైన హై వీహెచ్‌ఎఫ్‌కు, అంటే 7–13 చానళ్లలోకి మారి ఉంటే, చిన్న యూహెచ్‌ఎఫ్ యాంటెన్నాకు సరిగ్గా అందదు. అప్పుడు మాత్రం యాంటెన్నా మార్చాల్సిందే.