న్యూయార్క్ నల్లా నీళ్ల వెనక నా సెప్టిక్ ట్యాంకుల పని

న్యూయార్క్ నగరం నుంచి కారులో మూడు గంటలు పోతే వచ్చే క్యాట్‌స్కిల్ కొండల్లో, ఓ చిన్న ఇంజనీరింగ్ కంపెనీలో పనిచేస్తున్నాను. పాత ఇళ్లలో పాడైపోయిన సెప్టిక్ ట్యాంకులకు కొత్తవి డిజైన్ చేయడం నా పని. గొయ్యి తవ్వించి, నీళ్లు పోసి నాననిచ్చి, మళ్లీ పోసి, అంగుళం నీళ్లు ఇంకడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో వాచీ పట్టుకుని చూస్తాం. మరీ త్వరగా ఇంకితే ట్యాంకు నుంచి వచ్చే మురుగు నేలలో శుభ్రపడకుండానే కిందికి దిగిపోతుంది, ఇంకకపోతే పైకి ఉబికి వాగులో కలుస్తుంది. ఆ వాగు పెపాక్టన్ రిజర్వాయర్లోకి, అక్కడి నుంచి సొరంగాల్లో నగరానికి పోతుంది.

న్యూయార్క్ తాగే నీళ్లలో దాదాపు 90 శాతం ఈ కొండల నుంచే వస్తాయి, అదీ ఫిల్టర్ ప్లాంటు లేకుండా (క్లోరిన్, అల్ట్రావయొలెట్ మాత్రం ఉంటాయి). 1989లో కేంద్ర ప్రభుత్వం నదుల, చెరువుల నీళ్లను ఫిల్టర్ చేయాల్సిందే, లేదా ఆ నీళ్లొచ్చే ఎగువ నేలను కాపాడుతున్నామని చూపించాలంది. ప్లాంటుకు వందల కోట్ల డాలర్లవుతుంది కాబట్టి నగరం రెండో దారి పట్టి, 1997లో ఇక్కడి ఊళ్లతో ఒప్పందం చేసుకుంది. భూమి అమ్ముతామన్న వాళ్ల దగ్గరే కొంటుంది, పాలరైతుల పేడకుప్పలు వాగుకు దూరంగా జరిపేందుకు డబ్బిస్తుంది. సెప్టిక్ పాడైతే సొంతింట్లో ఉంటున్న వాళ్లకు ఖర్చంతా తిరిగొస్తుంది.

ఇదంతా నేను వచ్చిన కొత్తలో తెలియదు. మొదటి చలికాలంలో ఓ ముసలాయన ఇంటి తలుపు తడితే, నేను నగరం మనిషిననుకుని మాట్లాడనన్నాడు. నాకు ఒకటే టెన్షన్, రంగు చూసి అలా అంటున్నాడేమోనని. నాలుగోసారి వెళ్లాక చెప్పాడు, ఆయన పుట్టిన అరీనా అనే ఊరు పెపాక్టన్ నీళ్ల కింద ఉందని. నగరం ఆ రిజర్వాయర్ కట్టినప్పుడు అలా నాలుగు ఊళ్లు పోయాయి. డెబ్బై ఏళ్లు దాటినా ఆయన కోపం చల్లారలేదు, చల్లారాలని అడిగే హక్కు నాకు లేదు కూడా. కానీ సెప్టిక్ డబ్బు వచ్చాక, సంతకం పెడుతూ, "ఈసారి అడిగి చేశారు" అన్నాడు.

నాకు ఆ మాట దగ్గరే మా ఊరు గుర్తొచ్చింది. మాది గండిపేట పైన, 111 జీవో కిందున్న 84 ఊళ్లలో ఒకటి. హైదరాబాద్‌కు తాగునీళ్లిచ్చే ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు), హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్లలో ఫ్యాక్టరీలు, పెద్ద కాలనీలు వద్దని 1996లో తెచ్చిన జీవో అది. చెరువుల కోసం మంచిదే, నేను ఇప్పటికీ అదే అంటాను. కానీ నాయిన నాలుగెకరాల మీద రూపాయి పెరగక, చెల్లి పెళ్లికి అప్పు చేశాడు. ఆ ఏళ్లన్నీ అదే చెరువు పక్కన గోడలు కట్టి ఫాంహౌస్‌లు లేచాయి. మొన్న ఫోన్లో ఇక్కడి సంగతి చెప్తే, కాసేపు ఊరుకుని, "ఆళ్లకు పైసలిచ్చిండ్రా? మనకు ఆర్డర్ ఒక్కటే ఇచ్చిండ్రు గదరా" అన్నాడు. 2022లో ఆ జీవో ఆంక్షలు కూడా ఎత్తేస్తున్నామని ప్రభుత్వం ఆర్డరిచ్చింది. ఎత్తేయమని అడిగిన రైతుల మీద నాకు కోపం రాదు. పైన నేల కాపాడమని చెప్పి, కాపాడినందుకు ఏమీ ఇవ్వకపోతే ఎన్నాళ్లు కాపాడతారు, కింద నల్లా తిప్పేవాళ్లకు వీళ్లెవరో కూడా తెలియనప్పుడు?

రేపు ఏడింటికి ఓ వాగు పక్కన టెస్టు ఉంది. మురుగు ఇంకే చోటు వాగుకు కనీసం నూరడుగుల దూరం ఉండాలి. ఆ ఇంటి వెనక నాకు ఎనభయ్యే కనిపిస్తున్నాయి, మిగతా ఇరవై ఎక్కడ దొరుకుతాయో చూడాలని మ్యాపు ముందేసుకుని కూర్చున్నాను.